ఆంపియర్ బాబాయ్

అండమాన్‌లో మా మిడిల్ పాయింట్‌లో కరెంటు పోతే మేమంతా కొవ్వొత్తి కోసం తడుముకుంటాం. ఆంపియర్ బాబాయ్ మాత్రం చేతిగడియారం చూసుకుంటాడు. కరెంటొచ్చాక మేడ మీంచి "11 నిమిషాల 40 సెకన్లు!" అని ప్రకటిస్తాడు. ఎవరూ అడగరు.

అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చాడట. మనవడు ఒక ఆఫీసు మేడమీద సర్వర్ గదికి కాపలా. మూడు రాక్‌లు, రెండు ఏసీలు, ఒక స్టూలు. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వచ్చింది. శాటిలైట్ కోసం ఆకాశం కేసి చూసే రోజులు పోయి, గదిలో పెట్టెలు పెరిగాయి. పెట్టెలతో పాటు బాబాయ్ బీపీ కూడా.

"గది మీటరు ఆరు కిలోవాట్లంతాది. అయితే ఏటి? అందులో ఎవుడెంత తింతన్నాడో సెప్పదు కదా!" ఇదీ ఆయన మతం. గది మొత్తం నిక్షేపంలా కనిపిస్తూనే, ఒక్క రాక్ మీద బరువెక్కువై దాని బ్రేకరు ఠప్పున పడిపోవచ్చు. అందుకే పట్టుబట్టి ప్రతి రాక్ వెనకా మీటరున్న పీడీయూలు పెట్టించాడు. పీడీయూ అంటే మనింట్లో ఎక్స్‌టెన్షన్ బోర్డుకి చదువుకున్న అన్నయ్య. ఎన్ని ఆంపియర్లు లాగుతోందో తన నోటితో తనే చెబుతుంది. 16 ఆంపియర్ల లైను మీద 12.8 దాటనివ్వడు బాబాయ్. నూటికి ఎనభై, అంతే. ఆ పైన దేవుడొచ్చి ప్లగ్గు పెడతానన్నా ఒప్పుకోడు.

ఈ జ్ఞానం సర్వర్ గదిలోనే ఉండిపోతే గొడవ లేదు. మా చెల్లి పెళ్లికి 500 శుభలేఖలు పంచామని నాన్న గర్వంగా చెబితే, "అది నేమ్‌ప్లేటు లెక్క" అని పెదవి విరిచాడు. సర్వర్ వెనక 750 వాట్లని రాసి ఉంటుందట, తీరా కొలిస్తే అది రెండొందల చిల్లర లాగుతుందట. రాసినవన్నీ కూడేసి రాక్ నిండిపోయిందనుకునేవాళ్లు సగం జాగా ఖాళీగా పెట్టుకుని కొత్త రాక్ కొంటారని ఆయన బాధ. "వంట మూడొందలకి సెప్పండి అన్నయ్యా, సాలు." నాన్న వినలేదు. మర్నాడు వీధంతా పులిహోర పంచాం. ఆ రోజు నుంచి బాబాయ్ నడకే మారిపోయింది.

పిసినారి అనుకునేరు, కాదు. మాది దేశపు గ్రిడ్ అందని ఊరు. ఇక్కడ వెలిగే దీపాల్లో ఎక్కువ భాగం ఓడ మోసుకొచ్చిన డీజిల్. లీటరు తగలబెడితే నాలుగు యూనిట్లు రావడం కూడా కష్టమే. ఎవరైనా ఖాళీ గదిలో ఫ్యాను వదిలేస్తే ఆయనకి కళ్లముందు డీజిల్ పీపా ఒలికిపోతుంది. విశాఖలో గూగుల్ వాళ్లు గిగావాట్ డేటా సెంటర్ కడుతున్నారన్న వార్త చదివి కళ్లజోడు తీసేశాడు. మా ద్వీపాలన్నీ కలిపి లాగేది వంద మెగావాట్లు కూడా ఉండదు. ఏఐ రాక్ ఒక్కటే 120 కిలోవాట్లు మింగుతుందని నేను అంటించాను. ఆ పూట అన్నం తినలేదు.

అన్నం అంటే గుర్తొచ్చింది. పిన్ని, కూతురి పురిటికని విజయనగరం వెళ్లాక ఆయన భోజనం మా ఇంట్లోనూ, ఎదురింటి మాస్టారింట్లోనూ. మాది ఏ ఫీడ్, మాస్టారిది బీ ఫీడ్. సర్వర్‌కి రెండు తోకలుంటాయి, రెంటినీ వేర్వేరు లైన్లకు తగిలిస్తారు. ఒకటి పోయినా రెండోది మొత్తం మోయాలి కనక దేని మీదా సగానికి మించి బరువు వెయ్యకూడదు. 12.8లో సగం 6.4. మా ఆవిడ ఏడో ఇడ్లీ వెయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టి, "వద్దమ్మాయ్, రేపు మీరు ఊరెళ్తే మాస్టారిల్లు తట్టుకోవాల" అనేవాడు. ఆరు ఇడ్లీల తర్వాత ఆ పాయింట్ నాలుగుని ఆవిడ నిజంగానే తుంచి పెట్టేది.

సంక్రాంతికి ముందు విశాఖకి ఒకటే ఓడ. హడ్డో జెట్టీలో మా సామాన్లు ఎక్కిస్తుంటే వెనక మాస్టారి కుటుంబం కనబడింది. గుండె గుభేలుమంది. బాబాయ్‌కి ఫోన్ చేసి, మాస్టారు కూడా ఇక్కడే ఉన్నారని నసిగాను.

అటునుంచి చాలాసేపు ఏసీల హోరు తప్ప ఏమీ వినబడలేదు.

"రెండు ఫీడ్లూ ఒకే మెయిన్ మీదున్నాయేట్రా!" అన్నాడు చివరికి. నేనేదో సర్దిచెప్పబోయేంతలో ఓడ హారన్ మోగింది.

"సరే గానీ, కదిలిన టైము సెకన్లతో సహా సెప్పు. రాసుకోవాల."