మూసీకి జీవో అందలేదట!

1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచింది, వేలమందిని పొట్టన పెట్టుకుంది. నిజాం కబురంపితే వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య, వరదను ఊరికి ఎగువనే ఆపాలన్నారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అలా పుట్టాయి. వరదను ఆపడం అసలు పని. మంచినీళ్లు కొసరు.

1996లో 111 జీవో ఆ జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో భారీ కట్టడాలకు అడ్డుకట్ట వేసింది.

2022లో సర్కారు వారికి అభివృద్ధి గుర్తొచ్చింది. నగరం కృష్ణా, గోదావరి నీళ్లు తాగుతోంది కదా, దాహానికి ఇవెందుకంటూ 69 జీవోతో ఆంక్షలు ఎత్తేశారు (షరతులు వర్తిస్తాయి!). కొసరు అక్కర్లేదని అసలుకే ఎసరు పెట్టడమంటే ఇదే. బ్రోచర్లలో ‘లేక్ వ్యూ’ అని రాస్తారు గానీ, లేకే మన ఇంటివైపు చూసే రోజు గురించి ఎవరూ రాయరు.

2025 సెప్టెంబరులో జంట జలాశయాల గేట్లెత్తారు. మూసీ నేరుగా ఎంజీబీఎస్ బస్టాండులోకి నడిచొచ్చింది. దాన్ని కట్టిందే నది నడుమ లంకలో కాబట్టి, చొరబాటు అని కేసు పెట్టడానికీ లేదు. ప్రయాణికుల్ని ఖాళీ చేయించి, బస్సుల్ని వేరేచోట్ల నుంచి నడిపారు.