నలుగురిలో సరస్సు పేరెత్తడం ఎలా?

స్విట్జర్లాండ్ వెళ్లొచ్చినవాళ్లకు ఫొటోలు చూపించడం పెద్ద పని కాదు. చిక్కంతా అందులోని నీళ్ల పేరు చెప్పడం దగ్గరే. ఇంగ్లీషులో లేక్ జెనీవా, ఫ్రెంచిలో లాక్ లెమాఁ, జర్మన్‌లో గెన్ఫర్‌జే. ఉన్నదేమో ఒక్క సరస్సు. దాదాపు 580 చదరపు కిలోమీటర్లు, నెలవంక ఆకారం, సుమారు 60 శాతం స్విస్‌వాళ్లది, మిగతాది ఫ్రాన్సుది. ఇంగ్లీషులో మాట్లాడుతూ దీని పేరెత్తి పరువు దక్కించుకోదలచిన పర్యాటకుడికి ఈ సూచనలు.

మొట్టమొదట, అందరికీ తెలిసిన పేరు వాడకూడదు. లేక్ జెనీవా అంటే ఎదుటివాడికి ఠక్కున అర్థమైపోతుంది. అర్థమైపోయాక ఇక గొప్పేముంది? కాబట్టి ‘లెమాఁ’ అని ఆగాలి. వాడు కనుబొమలు ముడివేశాక, ‘అదేనండీ, మీరు జెనీవా అంటారే’ అని జాలిపడాలి. సాక్ష్యం కావాలంటే జూలియస్ సీజర్ ఉన్నాడు. గాల్ యుద్ధాల గురించి రాస్తూ ఆయన దీన్ని లాకుస్ లెమన్నుస్ అన్నాడు. రెండు వేల ఏళ్ల నాటి సాక్షిని క్రాస్ ఎగ్జామిన్ చేసేవాడు విందుల్లో అరుదుగా తగులుతాడు.

ఇక ఉచ్చారణ. చివర ‘న్’ వినబడిందా, గుట్టు రట్టయినట్టే. నాలుక పైకి లేవకూడదు, గాలి ముక్కులోంచి పోవాలి. తెలుగువాడికి ఇక్కడ తాతలిచ్చిన ఆస్తి ఒకటుంది. పాత పుస్తకాల్లో తప్ప కనబడని అరసున్న ఈ మాట చివర చక్కగా అతుకుతుంది. జెనీవా విషయంలో ఆ అదృష్టం లేదు. ఫ్రెంచివాళ్లు ఆ ఊరిని ఇంచుమించు ‘జ్నెవ్’ అంటారు. అందులోని జ జడలోది కాదు, జనంలోది కాదు, మరో రకం. ఆ పేరు పలకాల్సి వచ్చినప్పుడు దగ్గు తెచ్చుకోవడం క్షేమం.

వ్యాకరణంలోనూ జాగ్రత్త కావాలి. ఇంగ్లీషువాళ్లు నదికి ‘ది’ తగిలిస్తారు, ఇలాంటి సరస్సుల పేర్లకు తగిలించరు. ఇందులోకి వచ్చి పోయే నది ‘ది రోన్’. సరస్సు ఉత్త లేక్ జెనీవా. అయినా పాండిత్యం చూపించాలన్న ఉబలాటం ఆగకపోతే ‘ది లాక్ లెమాఁ లేక్’ అనవచ్చు. సరస్సు రెండుసార్లు వచ్చిందని లెక్కపెట్టేవాళ్లు ఎలాగూ తక్కువే.

ఫ్రెంచి మరీ మొండికేస్తే బైరన్‌ను ఆశ్రయించాలి. 1816 వేసవిలో జెనీవా పక్కన విల్లా డియోడాటీలో మకాం పెట్టిన ఆయన, ఇంగ్లీషు పద్యాల్లో శుభ్రంగా ‘లేక్ లెమన్’ అన్నాడు, మొదటి అక్షరం మీద ఊనిక పెట్టి. మేరీ షెల్లీ ‘ఫ్రాంకెన్‌స్టయిన్’ మొదలుపెట్టిందీ ఆ వేసవిలోనే. ఒక్క హెచ్చరిక: అవే అక్షరాలతో రాసే పాత ఇంగ్లీషు మాటకు ప్రియురాలని అర్థం. సెలవులన్నీ లెమన్‌తోనే గడిచాయని సాహిత్యం ప్రొఫెసర్ ముందు, అదీ భార్య పక్కనుండగా, అనకపోవడం మంచిది.

లోజాన్‌లోనో మాంట్రోలోనో ఉన్నప్పుడు జెనీవా పేరు నోట రానీయకూడదు. జెనీవా ఉన్నది నైరుతి కొసన. మాంట్రో రెండో కొస దగ్గర. 1971 డిసెంబరులో తగలబడింది మాంట్రో క్యాసినో. ఆ మంటలు చూసి డీప్ పర్పుల్ బృందం ‘స్మోక్ ఆన్ ది వాటర్’ పాట కడితే, అందులోనూ సరస్సు పేరు జెనీవాయే అయింది. కాలింది ఒక ఊరు, పేరు ఇంకో ఊరిది! జెనీవావాళ్లు దీనికి మురిసిపోతుంటే, ఫ్రాన్సు ఏలుబడిలో 1798 నుంచి వాళ్ల ఊరు లెమాఁ అనే జిల్లాకు ముఖ్యపట్టణంగా పనిచేసిందని గుర్తుచేయాలి. స్నేహితులు తగ్గుతారు గానీ వాదన గెలుస్తుంది.

చికాగో వైపు ఉన్న బంధువులతో అయితే ఈ పాఠమంతా తలకిందులవుతుంది. పక్కనున్న విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అంటే ఊరు. దాన్ని ఆనుకున్న సరస్సు జెనీవా లేక్. స్విట్జర్లాండ్ నుంచి నేరుగా వచ్చిన పేరు కూడా కాదది, న్యూయార్క్ రాష్ట్రంలోని జెనీవాను చూసి పెట్టింది. ఆ జెనీవా ఉన్నది సెనెకా సరస్సు ఒడ్డున.

ఇంత సాధన చేసి లోజాన్‌లో పడవ టికెట్ కౌంటర్ దగ్గరికి వెళితే, అక్కడ సరస్సు పేరు ఎవరూ అడగరు. ఒడ్డునున్నవాళ్లకు అది ఉత్త ‘ల లాక్’, మన పల్లెల్లో ‘చెరువు’ అన్నట్టు. అడిగేది రేవు పేరు. ఎదురుగా ఫ్రాన్సు ఒడ్డున ఎవియాఁ ఉంది, పడవలో అరగంట పైచిలుకు ప్రయాణం. అరసున్న అక్కడ అక్కరకొస్తుంది. తిరుగు టికెట్ మీద లోజాన్ రేవు పేరు మాత్రం ఇంగ్లీషు చదివినవాడికి దెబ్బ తగిలినట్టు ‘ఔచీ’ అని కనబడుతుంది. దాన్ని ‘ఊషీ’ అనాలి.