బూట్ బావ

బంధువర్గంలో కంప్యూటర్ తెలిసినవాళ్లు పదిమంది ఉండొచ్చు గానీ బూట్ బావ ఒక్కడే ఉంటాడు. గుర్తుపట్టడం తేలిక. గుత్తిలో తాళాలకన్నా పెన్‌డ్రైవ్‌లు ఎక్కువ. పెళ్లికొచ్చినా పరామర్శకొచ్చినా చూపు మీ పాత లాప్‌టాప్ మీదే. "నీ డిస్కు ముట్టుకోను అక్కయ్యా, పెన్‌డ్రైవ్ నుంచే లేస్తుంది" అని హామీ ఇస్తాడు.

అబద్ధం కాదు. సిస్టమంతా స్క్వాష్‌ఎఫ్‌ఎస్ అనే ఒక్క ఫైల్లో కుదించి, మీరు చేసే మార్పుల్ని ర్యామ్‌లో దాచే లైవ్ ఇమేజ్ అది. డెబియన్ లైవ్-బిల్డ్‌తో బావే తయారుచేశాడు. లోపల ఏ సాఫ్ట్‌వేర్ ఉందని మాత్రం అడక్కండి. ఆయన గృహప్రవేశం మరిచిపోయి ఏళ్ల తరబడి గడపకి పసుపు రాస్తున్న గృహస్థు. బూట్ మెనూ దాటి ముందుకు రాడు.

మెనూలో కష్టాలు తక్కువా? పాత బయోస్ మెషీన్లకి ఐసోలినక్స్, కొత్త యూఈఎఫ్‌ఐ వాటికి గ్రబ్. టైమౌట్ ఐసోలినక్స్‌లో సెకనులో పదోవంతుల లెక్క, గ్రబ్‌లో సెకన్ల లెక్క. బావ రెండింట్లోనూ 50 పెట్టాడు. తాతయ్య డెస్క్‌టాప్ అయిదు సెకన్లలో కదిలింది, చెల్లెలి లాప్‌టాప్ దాదాపు నిమిషం బిగదీసుకు కూర్చుంది. సరే, రెండింట్లోనూ 5 చేశాడు. ఈసారి తాతయ్య కళ్లజోడు సర్దుకునేలోగా మెనూ మాయం.

గ్రబ్‌లో తెలుగు రాస్తే ఒత్తులు ఒకచోట, అక్షరాలు ఒకచోట పడ్డాయి. అందుకని 'సుస్వాగతం' బొమ్మగా గీయించి వెనక అంటించాడు. బూట్ వాక్యంలోంచి 'క్వైట్' తీసేశాడు కాబట్టి తెరనిండా తెల్ల అక్షరాలు జలజలా పారతాయి.

"చూశావా అత్తయ్యా, కెర్నల్ ఎలా లేస్తోందో!"

"ఏదో కాలిపోయేట్టుంది నాయనా, ఆపెయ్యి."

ఒకసారి మావయ్య ఆ పెన్‌డ్రైవ్ మీదే కూతురి పెళ్లి పిలుపుల జాబితా అంతా కొట్టి, భద్రంగా సేవ్ చేసి, పడుకున్నాడు. తెల్లారి చూస్తే జాబితా లేదు.

"లైవ్ అంటే అంతే మావయ్యా, ఆపగానే ర్యామ్ ఖాళీ" అన్నాడు బావ, బొత్తిగా నొచ్చుకోకుండా. "పర్సిస్టెన్స్ అని లేబుల్ పెట్టి ఒక పార్టిషన్ చేసుకుని, అందులో ఒక్క కాన్ఫ్ ఫైల్ రాసి, బూట్ వాక్యంలో ఒక్క మాట చేరిస్తే అన్నీ నిలుస్తాయి."

"మరి అది చేసి తగలడకపోయావా!"

బావకి పౌరుషమొచ్చింది. రాత్రంతా ఫ్యాను గోలపెడుతుంటే ఇమేజ్ మళ్లీ బిల్డ్ చేసి పొద్దున్నే తెచ్చాడు. మావయ్య ఆశగా ఆన్ చేశాడు. పర్సిస్టెన్స్ ఊసే లేదు. మెనూ వెనక మాత్రం వధూవరుల ఫొటో, దండలతో సహా.