అందరూ తప్పంటారు, అయినా ఇలాగే చేయండి

మావాడికి ప్యాంటు హుక్కు తీసుకోవడం రాదు. వేళ్లలో పట్టు చాలదు. బొటనవేలు హుక్కు మీద పెట్టి నొక్కుతాడు, జారుతుంది, మళ్లీ పెడతాడు. ఈలోగా ఆపుకోలేకపోతాడు. ఐదో తరగతి దాకా ఎలాస్టిక్ నిక్కరు కాబట్టి గడిచిపోయింది. ఆరో తరగతికి హైస్కూలు కోసం జగ్గయ్యపేటలోనూ నందిగామలోనూ తిరిగినప్పుడు అన్నిచోట్లా ఒకటే అడిగాను: “మా బాబు ఎలాస్టిక్ ప్యాంటు వేసుకుని రావచ్చా అండీ?”

ఒకచోట, యూనిఫారం రూలు కుదరదన్నారు. ఇంకోచోట ముందు ఫీజు సంగతి తేల్చుకోమన్నారు. ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో హెడ్మాస్టరు గారు మాత్రం “రంగు కలిస్తే చాలమ్మా, హుక్కుతో మనకేం పని” అన్నారు. అంతటితో ఆగకుండా, “బాత్రూం గడియ కూడా కొంచెం బిగుతు, రండి చూద్దాం” అని తనే లేచి ముందు నడిచారు. మావాడు ఇప్పుడు అక్కడే ఎనిమిది చదువుతున్నాడు.

కాబట్టి స్కూల్లో అడుగుపెట్టగానే పదో తరగతి రిజల్టు అడగకండి. మీ పిల్లకో పిల్లవాడికో రోజూ ఎదురయ్యే చిన్న ఇబ్బంది ఒక్కటి పట్టుకుని దాన్నే అడగండి. నేనిట్లా చేస్తుంటే మా ఆడపడుచు, “590 వచ్చిన స్కూలు చూపిస్తుంటే నువ్వు బాత్రూములు చూసొస్తావేంటి వదినా” అని బాధపడింది. రిజల్ట్స్ రాగానే సెంటర్లో ఫ్లెక్సీలు కడతారు, 600కి ఎవరికెన్ని వచ్చాయో ఫోటోలతో సహా. పేజీ రాయడానికి అరగంట పట్టే పిల్లవాణ్ణి ఆ స్కూలు ఏం చేస్తుందో ఏ ఫ్లెక్సీ మీదా ఉండదు. అది తెలియాలంటే కిందటేడు ఫెయిలైన పిల్లల సంగతి అడగండి. వాళ్ల పేర్లు గుర్తుండి, ఎవరు సప్లిమెంటరీ కట్టారో, ఎవరు మానేశారో చెప్పగలిగితే ఆ స్కూలును నమ్మవచ్చు.

జూన్‌లో వెళ్లకండి. అడ్మిషన్లప్పుడు ఏ స్కూలైనా పెళ్లిపందిరిలా ఉంటుంది, ఎవరిని అడిగినా నవ్వుతూనే చెప్తారు. ఫిబ్రవరిలోనో మార్చిలోనో వెళ్లండి. పదో తరగతి స్పెషల్ క్లాసులు, స్లిప్ టెస్టులు, ప్రీఫైనల్స్ ఒకదాని మీద ఒకటి నడుస్తుంటాయి, టీచర్లు అలిసిపోయి ఉంటారు. మన ఎండలు కూడా అప్పటికే మొదలవుతాయి. అంత అలసటలో ఒక నెమ్మదస్తుడైన పిల్లవాడితో ఎట్లా మాట్లాడుతున్నారో అదే రేపు మన బిడ్డకు దక్కేది. ఇంటర్వెల్ గంట కొట్టేముందు చేరుకుని, గేటు పక్కన నిలబడి పది నిమిషాలు చూడండి. ఆటలో కలవని పిల్లవాడు ఎక్కడో ఒకడు కనపడతాడు. వాడి దగ్గరికి ఎవరైనా వెళ్తున్నారా, వెళ్లినవాళ్లు ఏం చేస్తున్నారు? నేను మూడు స్కూళ్లలో ఇట్లా నిలబడ్డాను. ఒకచోట వాచ్‌మన్ వెళ్లి పక్కన కూర్చున్నాడు.

హైస్కూలు అంటే పెద్ద పుస్తకాలని భయపడతాం. మావాడికి పుస్తకాల కంటే గంట కష్టమైంది. ప్రైమరీలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకరో ఇద్దరో టీచర్లు. వాడు ఎప్పుడు చెవులు మూసుకుంటాడో, ఎప్పుడు బల్ల కింద దూరతాడో వాళ్లకు తెలుసు. హైస్కూల్లో పీరియడ్‌కో కొత్త మనిషి. మావాడు సంచిలోంచి లెక్కల పుస్తకం వెతికి తీసి, పేజీ తిప్పేసరికి సగం పీరియడ్ అయిపోతుంది. తలెత్తేసరికి సారు మారిపోతారు. అందుకే సిలబస్ గురించి అడగడం మానేసి, “ఇంతమందిలో మావాడి గురించి పూర్తిగా తెలిసి ఉండే ఒక్క టీచరు ఎవరు?” అని అడగండి. అందరం చూసుకుంటాం అనే జవాబుతో తృప్తిపడకండి. పేరు చెప్పమనండి.

ఇక, ఏదీ దాచకండి. ఈ మాట చెప్పే అర్హత నాకు నేను చేసిన తప్పు వల్ల వచ్చింది. మావాడికి ఫిట్స్ ఉన్నాయి. ఒకటో తరగతిలో చేర్పించేటప్పుడు “చెబితే సీటివ్వరు, చేరాక వాళ్లే సర్దుకుంటారు” అని బంధువులంతా చెబితే నేనూ మా ఆయనా నోరు మూసుకున్నాం. దసరా సెలవుల ముందు క్లాసులోనే ఫిట్స్ వచ్చింది. ఆ టీచరమ్మ చిన్నపిల్ల, మొదటి ఉద్యోగం. ఎవరో తాళాల గుత్తి పెట్టమంటే వాడి చేతిలో పెట్టి, ఇంకెవరో చెబితే పళ్ల మధ్య చెంచా ఇరికించింది. పెదవి చీలింది. నేను వెళ్లేసరికి వాడు తేరుకుని కూర్చున్నాడు, ఆ పిల్లే ఇంకా వణుకుతోంది. తప్పు నాది. ఆ అమ్మాయికి ఏం చేయాలో తెలిసే అవకాశమే నేను ఇవ్వలేదు.

నిజం చెబితే సీటు లేదంటారా, అనవచ్చు. నాకు రెండుచోట్ల అన్నారు. అది చట్టానికి విరుద్ధం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ విద్యాసంస్థా వైకల్యం చూసి వివక్ష చూపకూడదు. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా దగ్గరలోని స్కూల్లోగానీ, కోరుకుంటే ప్రత్యేక పాఠశాలలోగానీ ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. కాబట్టి ఎంఈఓ గారికి అర్జీ రాసివ్వండి, మన నకలు మీద ముద్ర వేయించుకోండి. అక్కడ కదలకపోతే డీఈఓ ఆఫీసుకు వెళ్లండి. 2022లో మన ప్రాంతం కొత్త ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాక అందుకోసం పాత జిల్లా కేంద్రం బందరు దాకా పోవాల్సిన పని లేదు, విజయవాడ చాలు. అయితే పోరాడి గెలిచినా సరే, ఆ స్కూల్లో మాత్రం మీ బిడ్డను వేయకండి. అర్జీ రాబోయే పిల్లల కోసం. మన బిడ్డ రోజుకు ఏడెనిమిది గంటలు ఉండాల్సింది తనను వద్దనని చోట.

వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ గురించి కూడా ఊరి మాట వినకండి. పింఛనుకు తప్ప ఎందుకంటారు, ముద్ర పడితే రేపు పెళ్లి కాదంటారు. ఆటిజం, చదవడం రాయడంలో వచ్చే ప్రత్యేక ఇబ్బంది కూడా ఆ 2016 చట్టంలోని 21 వైకల్యాల్లో ఉన్నాయి. పదో తరగతి పరీక్షలో స్క్రైబ్, అదనపు సమయం కావాలంటే ఈ కాగితమే ఆధారం. పరీక్షకు నామినల్ రోల్స్ పంపే రోజుల్లో పరుగెత్తితే సదరం శిబిరంలో స్లాట్ దొరకదు. ఆరో తరగతిలోనే చేయించి పెట్టుకోండి.

అన్నిటికంటే ఎక్కువ మాట పడింది ఈ సలహాకే: స్నేహితుడు ఏ స్కూల్లో చేరితే అక్కడే చేర్పించండి. “పక్కింటి పిల్లాణ్ణి చూసి స్కూలు ఎంచుకుంటారా ఎవరైనా” అని మా అత్తయ్య రెండు రోజులు మాట్లాడలేదు. మా వీధిలో సైకిల్ షాపాయన కొడుకు ఒకటో తరగతి నుంచీ మావాడి పక్కనే. “ఇది తెలుగు కాదురా, సోషలు” అని మావాడి సంచిలోంచి పుస్తకం తీసి, పేజీ తిప్పి, వేలు పట్టుకుని లైను మీద పెడతాడు. అట్లా చేయమని వాడికి ఎవరూ నేర్పలేదు. సుప్రీంకోర్టు 2021లో ప్రైమరీలో పదిమంది, ఆపై తరగతుల్లో పదిహేనుమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక స్పెషల్ టీచరు చొప్పున ఉండాలని చెప్పింది. ఉండాల్సిందే, అడగాల్సిందే. కానీ ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రం రిసోర్సు టీచరమ్మ ఎన్నో స్కూళ్లు తిరగాలి, మావాడి వంతు వచ్చేది ఎప్పుడో. సైకిల్ షాపు పిల్లవాడు రోజూ వస్తాడు. వాళ్ల నాన్నను అడిగి, ఇద్దరినీ ఒకే సెక్షన్‌లో వేయమని హెడ్మాస్టరు గారికి రాసిచ్చాం. బరువు మొత్తం ఆ పిల్లవాడి మీద పడకూడదు కాబట్టి, ఆదివారం మాత్రం వాణ్ణి మావాడి జోలికి రానివ్వను. వాడి ఆట వాడిది.

హాస్టల్లో వేస్తే బాగుపడతాడని జగ్గయ్యపేటకు దాదాపు 80 కిలోమీటర్ల అవతల ఉన్న విజయవాడకు పంపకండి. కడుపునొప్పి అని నోటితో చెప్పలేని పిల్లవాడు రాత్రి పన్నెండింటికి ఎవరిని లేపుతాడు? ఇందులో చెవిటి పిల్లల సంగతి వేరు. చుట్టూ ఎవరికీ సంజ్ఞలు రాని హైస్కూల్లో చెవిటి పిల్ల ఒక్కతే మౌనంగా కూర్చోవడం కంటే, సంజ్ఞలతో గలగలా మాట్లాడుకునే పిల్లలున్న ప్రత్యేక పాఠశాల దూరమైనా మేలని నేను గట్టిగా నమ్ముతాను.

స్కూలు ఖాయమయ్యాక, తెరవడానికి వారం ముందే ఒక పేజీ రాయండి. రోగం పేరు ఒక్క లైను చాలు. మిగతాదంతా పిల్లవాడి గురించే రాయాలి: దేనికి భయపడతాడు, ఏం చేస్తే కుదుటపడతాడు, మాత్ర ఏ వేళకు వేసుకుంటాడు. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలని, నోట్లో ఏమీ పెట్టకూడదని, చేతులు కాళ్లు అదిమి పట్టకూడదని, ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలని పెద్ద అక్షరాలతో రాయండి. కింద మీ ఫోన్ నంబరు. జెరాక్స్‌లు ఎక్కువే తీయించండి. టీచర్లందరికీ తలా ఒకటి, వాచ్‌మన్‌కు ఒకటి, మధ్యాహ్న భోజనం వడ్డించే అక్కకు ఒకటి. ఆమెకు చదవడం రాకపోతే మీరే పక్కన కూర్చుని చదివి వినిపించండి.