గండికోట ధాన్యాగారం ఆత్మకథ

నేను గండికోట ధాన్యాగారాన్ని. కడప జిల్లా జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్లు వస్తే కోట వాకిలి. లోపల జామియా మసీదుకు దగ్గర్లో, కమాను కప్పుతో, మందపాటి గోడలతో నిలబడి ఉన్నాను. ఇక్కడికి వచ్చేవాళ్లు ఎక్కువగా పెన్న లోయ కోసమే వస్తారు. ఎర్రమల కొండలను నిలువునా కోసుకుంటూ పెన్న పారిన చోటది. తెల్లవారకముందే అంచు బండలెక్కి, ఎర్రరాతి మీద తొలి ఎండ పడగానే ఫొటోలు తీసుకుని బండెక్కుతారు. ఆ అందం నాకూ ఇష్టమే. అయితే ఈ కోటలో బతికినవాళ్ల మాట చెప్పాల్సింది మాత్రం నేనే.

కోటకు ఫిరంగి కంటే పెద్ద శత్రువు ఆకలి. ముట్టడి పడితే తలుపులు మూసుకుని నెలల తరబడి లోపలే గడపాలి. అప్పుడు సిపాయికీ, అతని ఆలుబిడ్డలకూ దిక్కు గాదెలో గింజలు, చెరువులో నీళ్లు. కడప జిల్లాలో ఏడాదంతా పడే వాన సుమారు 700 మిల్లీమీటర్లు. అదీ అదునుకు పడితేనే జొన్న, కొర్ర చేతికొస్తాయి. పండిన ఏడు దాచుకుని ఎండిన ఏడు తినడం ఈ నేల నేర్పిన బుద్ధి. ఊళ్లలో పాతర తవ్వి జొన్నలు పోసుకునేవాళ్లు. ఆ పనే కోట మొత్తానికీ చేసిపెట్టడానికి నన్ను కట్టారు.

మే నెల మిట్టమధ్యాహ్నం బయట బండమీద అరికాలు ఆనదు. నా గడప దాటితే ఒళ్లు చల్లబడుతుంది. కళ్లు చీకటికి అలవాటుపడ్డాక తలెత్తి చూడండి. కమాను వంపు పైనున్న బరువునంతా గోడల మీదికి దించుతుంది. అందుకే గోడలకు ఇంత మందం. ఆ మందమే వేడినీ ఆపుతుంది.

విజయనగర రాయలకు కుడిభుజంగా నిలిచిన పెమ్మసాని నాయకులు ఈ కోటను ఏలారు. తర్వాత గోల్కొండ సుల్తాను తరఫున మీర్ జుమ్లా దీన్ని పట్టుకున్నాడు. 1652లో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే ఇక్కడికొచ్చి అతణ్ణి కలిశాడు. కర్ణాటక రాజ్యంలోని గట్టి పట్టణాల్లో ఇదొకటని రాశాడు. కోట బలంతో పాటు ఇక్కడ పండే వరి, చిరుధాన్యాలూ, వాటిని తడిపే ఊటలూ అతని కంటపడ్డాయి. చూడ్డమంటే అదీ.

ఈమధ్య ఒకమ్మాయి తన మేనమామతో లోపలికొచ్చింది.

"మామా, మేము ట్యునీషియాలో సీదీ బూ సయీద్ అనే ఊరికి పొయ్యింటిమి. సముద్రం పక్కన కొండమీద ఉండాది. గోడలన్నీ తెలుపు, తలుపులన్నీ నీలం. ఊరి రూపు చెడిపోకుండా 1915లోనే ఉత్తర్వు తెచ్చినారంట."

"అంతా సముద్రమేనామ్మా ఆ దేశం?"

"లేదు మామా. దక్షిణాన తతావిన్ సీమలో మన మాదిరే ఎండ, కరువు. ఆడ కోటల్లాంటి కట్టడాల్లో అన్నీ గాదెలే. ఒకదానిమీద ఒకటి, మూడు నాలుగు అంతస్తులు."

"అయితే ఇదే గదమ్మా!" అని ఆయన నా గోడమీద చెయ్యి వేశాడు.

సముద్రానికి అవతల నాకూ చుట్టాలున్నారని ఆరోజే తెలిసింది. వానను నమ్ముకోలేని మనిషి ఎక్కడైనా ముందు గింజకే గట్టి ఇల్లు కడతాడు.

ఇప్పుడు కోటకు దగ్గర్లోనే 26.85 టీఎంసీల గండికోట జలాశయం ఉంది. దాని కింద తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లు మునిగాయి. సీమ పొలాలకు నీళ్లు రావాలని ఆ ఊళ్లవాళ్లు పుట్టిన ఇళ్లు వదిలి వెళ్లారు. నిండుగా కనబడే నీటిని చూసి మురిసిపోయేవాళ్లకు ఈ సంగతీ తెలియాలి.

లోయను కళ్లారా చూడండి. ఆ తర్వాత ఒక గంట కోట లోపలి ఊళ్లో ఉండండి. మాధవరాయస్వామి గుడి, మసీదు, రాయల చెరువు, నేను, అన్నీ నడిచి చూసేంత దూరంలోనే ఉన్నాం. నా గోడల మీద పేర్లు చెక్కకండి. కోటలో ఇప్పటికీ కాపురాలున్నాయి, వాళ్లతో నాలుగు మాటలు మాట్లాడండి. మీ పిల్లలకు రాజుల పేర్లతో పాటు గింజ దాచిన సంగతి కూడా చెప్పండి. శత్రువును ఆపింది లోయే. లోపలి మనిషిని బతికించింది మాత్రం రైతు పండించిన గింజ.