సరస్సుకు దడి

ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్ సరస్సు ఒడ్డు పల్లె. ఊరి జనం 800 కూడా లేరు. వేసవిలో కొన్నాళ్లు రోజుకు వచ్చిపడే జనం 10 వేలు! రైలు స్టేషనేమో అవతలి గట్టున. ఊళ్లోకి రావాలంటే పడవెక్కాలి. కారులో వస్తే దాన్ని పార్కింగ్‌లో వదిలి రావాలి. ఇంత తంటా పడి వచ్చి చేసేదేమిటయ్యా అంటే, సరస్సుకు వీపు తిప్పి సెల్ఫీ.

2023 మేలో ఊరివాళ్లు విసిగి, సరిగ్గా ఆ సెల్ఫీల చోటే చెక్కదడి కట్టారు. కొండా మాయం, నీళ్లూ మాయం. గగ్గోలు పుట్టేసరికి పీకేశారు.

టూరు బస్సులకైతే ఒక నిబంధన ఉంది: ముందుగా స్లాట్ బుక్ చేసుకోవాలి, కనీసం రెండున్నర గంటలు ఆగాలి. కాఫీ నీళ్లయినా తాగకుండా పోతే ఊరికేం మిగులుతుంది మరి!

ఇరుకు అక్కడ కొత్త కాదు. శ్మశానంలో చోటు చాలక పాత సమాధులు తవ్వి, 1,200 దాకా పుర్రెల్ని ఒక గదిలో సర్దారు. సగానికి పైగా పుర్రెల నుదుట పేరు రాసి, పూలు, ఆకులు దిద్దారు.

చైనావాళ్లు 2012లో గ్వాంగ్‌డాంగ్‌లో ఈ పల్లెకు నకలే కట్టేశారు. అసలు ఊళ్లో రద్దీ మాత్రం తగ్గలేదు. నకలు చూసినవాళ్లకు అసలుతో పోల్చుకోవాలని ఉండదూ!