ఉన్నట్టు ఉండండి

పండక్కి ఊరెళ్లే నగరవాసులకు పోలీసువారు ఏటా చెప్పే జాగ్రత్తలు ఈ వారమూ చెప్పారు. మీరూ చదివే ఉంటారు. నగలు లాకర్లో పెట్టండి. ఊరెళ్తున్నట్టు స్టేషన్లో చెప్పండి, ఫేస్‌బుక్కులో మాత్రం చెప్పకండి. గుమ్మం ముందు పాల ప్యాకెట్లూ పేపర్లూ పోగుపడనివ్వకండి. తాళం కనపడకుండా పరదా వేయండి. ఇంతవరకూ పేచీ లేదు. ఆ చివర ఓ ముక్క ఉంది చూశారూ, అక్కడే నాకు కాఫీ పొలమారింది. ఇంట్లో మనుషులు ఉన్నట్టు కనిపించేలా చూసుకోవాలట.

ఎలా చూసుకోవాలో మాత్రం చెప్పలేదు. చెప్పకపోతే మనకు తెలియదా? మా అపార్ట్‌మెంటులో 20 ఫ్లాట్లు. భోగి ముందు రోజు సాయంత్రానికి 19 ఫ్లాట్లకు తాళాలు పడ్డాయి. కొందరు చర్లపల్లి స్టేషన్లో రైలెక్కారు. కార్లలో బయల్దేరినవాళ్లు పంతంగి టోల్‌గేటు దగ్గర గంటలకొద్దీ నిలబడి ఫొటోలు పంపారు (ఫేస్‌బుక్కులో కాదు, గ్రూపులోనే). పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే కాబట్టి ఏ పండక్కీ ఎక్కడికీ వెళ్లనివాడు ప్రతి అపార్ట్‌మెంటుకీ ఒకడుంటాడు. మా అపార్ట్‌మెంటుకు నేను. అందుకని అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఏకగ్రీవంగా నన్ను 'ఉనికి ఇన్‌ఛార్జి'గా వేశారు. జీతం లేదు. వచ్చేటప్పుడు అరిసెలు తెస్తామన్నారు. 19 ఇళ్ల తాళంచెవుల గుత్తి నడుముకు దోపుకుని, పాత సినిమాలో సూర్యకాంతంలా మెట్లెక్కాను.

అసలు ఇంట్లో మనిషి ఉన్నాడని దొంగకు ఎలా తెలుస్తుంది? లైటును బట్టి మాత్రం కాదు. ఊరెళ్లేవాళ్లు లైటు వేసి వెళ్లమని పేపర్లో వేశాక, పట్టపగలు లైటు వెలిగే ఇల్లే తాళం వేసిన ఇల్లు. దొంగలూ పేపరు చదువుతారండీ. ఆంధ్రలో అయితే యాప్‌లో చెబితే చాలు, పోలీసులే వచ్చి ఇంట్లో కెమెరా పెట్టి వెళ్లే ఏర్పాటుంది. నాకు కెమెరా మీద నమ్మకం లేదు. అది చూస్తుందే గానీ దగ్గదు.

కాబట్టి దగ్గుతోనే మొదలుపెట్టాను. 101లో ఉండేది రిటైర్డ్ హెడ్మాస్టరుగారు. తెల్లారగట్ల ఐదింటికి ఆయన గొంతు సవరించుకుంటే మూడో అంతస్తులో పిల్లలు పుస్తకాలు తీస్తారు. ఆయన కుర్చీలో కూచుని ఆయన దగ్గు దగ్గాను. అక్కణ్నుంచి 203కి, మిక్సీ వేయడానికి. వట్టి జారు తిప్పితే చప్పుడు తేడాగా వస్తుంది, వంట తెలిసిన దొంగైతే పట్టేస్తాడని మా ఆవిడ అనడంతో నిజంగానే పల్లీలు వేయించి పచ్చడి చేశాం. 204లో ఇంటర్ చదివే పిల్లాడున్నాడు. "ఫోను పక్కన పెట్టి ఫిజిక్స్ తీస్తావా లేదా" అని గంటకోసారి అరవాలి. 401 సాఫ్ట్‌వేర్ కుర్రాడిది సులువు. పగలంతా అలికిడి ఉండకూడదు, రాత్రి పదకొండున్నరకు బిర్యానీ రావాలి. వచ్చింది. బాధ్యత కదా, తిన్నాను.

చెప్పుల సంగతి వేరే చెప్పాలి. గుమ్మం ముందు విడిచిన చెప్పులు రెండు రోజులు కదలకపోతే అంతకన్నా పెద్ద తాళం లేదు. పొద్దున వీధి వైపు తిరిగి ఉన్నవి సాయంత్రానికి ఇంటి వైపు తిరగాలి. పిల్లలున్న ఇంటి ముందు ఒకటి బోర్లా పడి ఉండాలి, దాని జత రెండు మెట్ల కింద ఉండాలి. ఇక ముగ్గులు. 19 వాకిళ్లలోనూ ఒకే చేతి ముగ్గు కనిపిస్తే దొంగకు అనుమానం రాదూ? అందుకని 303 కోడలికి చుక్కల ముగ్గు కుదరదు గనక ఆ వాకిట్లో మా ఆవిడ కావాలనే రెండు చుక్కలు తప్పేసింది. 102 ఆవిడ ఏ పండక్కయినా స్టిక్కరే అంటిస్తుంది. అక్కడా స్టిక్కరే అంటించాం.

అసలు పరీక్ష 302. ఆ దంపతులు రోజూ రాత్రి ఎనిమిదింటికి గొడవ పడతారు. వీధిలో కొందరు ఆ చప్పుడు విని కుక్కరు దించుతారు. ఎనిమిదింటికి ఆ ఇంట్లో గొడవ వినపడకపోతే ఊరెళ్లారని కాదు, ఎవరో పోయారనుకుంటారు. అది తెలిసినవాళ్లు గనక వెళ్తూ వెళ్తూ రెండు కాగితాల మీద మాటలు రాసిచ్చారు. మగవాడి మాటలు నావి, ఆడమనిషి మాటలు మా ఆవిడవి. భోగి రాత్రి బాగా కుదిరింది. సంక్రాంతి రాత్రి కాగితం అయిపోయింది గానీ మా ఆవిడ ఆగలేదు. "ప్రతి జనవరికీ నుమాయిష్ అంటారు. 1938 నుంచీ జరుగుతోంది, నెలన్నర పాటు నాంపల్లిలోనే ఉంటుంది, ఒక్కసారి తీసుకెళ్లిన పాపాన పోయారా?" అంది. ఇది 302 వారి కాగితంలో లేదని సైగ చేశాను. లేదని తనకూ తెలుసునంది. తర్వాత మా పెళ్లిలో మావాళ్లు పెట్టిన చీర దగ్గరికి వెళ్లింది.

ఎదురు డాబా మీద పతంగులు చుట్టుకుంటున్నవాళ్లు ఎవరో 100కి ఫోన్ చేశారు. పది నిమిషాల్లో కానిస్టేబుల్ వచ్చాడు.

"ఇది ఎవరిల్లు?"

"302 వారిదండీ."

"వాళ్లేరి?"

"రాజోలులో ఉన్నారు."

"మరి ఇక్కడ గొడవ పడుతున్నది?"

"వాళ్లేనండీ."

"మీరెవరు?"

పోలీసువారి జాగ్రత్తలున్న పేపరు ముక్క చూపించాను. రెండుసార్లు చదివాడు. ఆయన ముఖం చూస్తే జాలేసి, మీ ఇల్లెక్కడండీ అన్నాను. కుటుంబం సూర్యాపేట వెళ్లిందట, ఆయనకేమో బందోబస్తు, సెలవు లేదు, ఇంటికి తాళం. "మీ ఇంట్లో ఎవరైనా ఉన్నట్టున్నారా?" అని అడిగాను. నవ్వేశాడు.

కిందికి దిగుతూ అడిగాడు. "బిల్డింగులో ఇంకెవరూ లేరా సార్?"

"ఎవరూ లేరండీ. అన్నీ తాళాలే. నేనూ మా ఆవిడానూ."

మెట్ల కింద నుంచి ఒకతను లేచి వచ్చాడు. "నేనున్నాను సార్."

అవును, అతనున్నాడు. భార్య ఉంది. ఇద్దరు పిల్లలున్నారు. మీటర్ల బోర్డుకూ నీళ్ల మోటారుకూ మధ్య, మంచం వాలిస్తే తలుపు పడని గదిలో నలుగురున్నారు. ఆ తలుపు ముందు చిన్న ముగ్గు ఉంది. అది మా ఆవిడ వేసింది కాదు. మూడు రోజులుగా నేను 19 ఇళ్లలో దగ్గి, అరిచి, బిర్యానీ తిని మనుషులు ఉన్నట్టు చేస్తున్నాను. ఉన్న మనుషులు నా లెక్కలోకే రాలేదు. రాత్రి రెండింటికి గేటు దగ్గర కర్ర చప్పుడు వినపడితే, అది కూడా మా ఏర్పాటులో భాగమేనేమో అనుకుని పక్కకు తిరిగి పడుకున్నాను.

కానిస్టేబుల్ గొంతు మారింది. "ఏ ఊరు నీది? ఆధార్ ఉందా? తియ్యి." ఆధార్ కార్డుకు ఫొటో తీసుకున్నాడు, మనిషికీ తీసుకున్నాడు. నా నడుముకు 19 ఇళ్ల తాళంచెవులు వేలాడుతున్నాయి. నేను అప్పుడే పరాయివాళ్ల ఇంట్లోంచి బయటికొచ్చాను. నన్ను ఒక్క కాగితం అడగలేదు.

ఇక్కడ నాకు హాస్యం రావడం లేదు, క్షమించండి. రెండేళ్ల కిందట పండగ సెలవుల్లో మా వెనక వీధిలో ఒక ఇంట్లో దొంగతనం జరిగింది. మొదట తీసుకెళ్లింది వాచ్‌మన్‌ని. రెండు రాత్రులు ఉంచారు. అతని భార్య చంటిపిల్లను ఎత్తుకుని గేటు బయట కూచుంది. నెల తర్వాత దొరికిన దొంగకూ అతనికీ ఏ సంబంధమూ లేదు. ఇంటివాళ్లకు నగలు తిరిగొచ్చాయి. ఆ వాచ్‌మన్‌కు ఉంటున్న గది తిరిగి రాలేదు, 'ఎందుకొచ్చిన రిస్కు' అన్నారు చదువుకున్నవాళ్లు. ఇంట్లో దొంగతనానికి పాత ఐపీసీలో 380, ఇప్పటి న్యాయ సంహితలో 305. నేరం రుజువైతే ఏడేళ్ల దాకా జైలు. దొంగకైతే ఇంత తతంగం ఉంది, సెక్షన్ కావాలి, సాక్ష్యం కావాలి. వాచ్‌మన్‌కు అవేవీ అక్కర్లేదు, పడుకునేది మెట్ల కింద అయితే సరిపోతుంది.

జాగ్రత్తల్లో లైటుకు చోటుంది, పరదాకు ఉంది, పాల ప్యాకెట్టుకు కూడా ఉంది. కాపలా ఉండే మనిషి గురించి నాకు గుర్తున్న మాట ఒక్కటే, అతని వివరాలు స్టేషన్లో ఇచ్చి ఉంచండని. దొంగతనం జరగక ముందే దొంగ పేరు రాసి పెట్టుకోవడం కాదా ఇది? అయినా పోలీసులను అనడానికి నాకేం మొహం ఉంది? నెలకు 12,000 ఇచ్చి మేం 20 ఇళ్లవాళ్లం పెట్టుకున్నది ఒక మనిషిని కాదు, ఒక కుటుంబాన్ని. గేటు అతనిది, మెట్లు తుడవడం భార్యది, ఇస్త్రీ బట్టలు మోయడం పిల్లలది. నాలుగు ప్రాణాలకు ఒక జీతం, సెలవు సున్నా. మనం ముగ్గులు తొక్కుతూ బొమ్మలకొలువు ఫొటోలు పంపుకోవాలంటే వీళ్లు ఊరికి పోకూడదు. పోకుండా ఇక్కడే ఉంటే, ఉన్నందుకే అనుమానం. సిగ్గుండాలి మనకు. నాకు ముందు ఉండాలి.

అతనిది టెక్కలి దగ్గర పల్లె. సంక్రాంతికి నాలుగు రోజులు పోయొస్తానని డిసెంబరులోనే అడిగాడు. 'పండగయ్యాక చూద్దాం' అని సెక్రటరీగారు గ్రూపులో పెడితే 14 మంది బొటనవేళ్లు ఎత్తారు. అందులో ఒక వేలు నాది.

కనుమ రాత్రి, ఈ వారమైనా అతన్ని ఊరికి పంపుదామని గ్రూపులో రాయడానికి కూచున్నాను. అతను అని రాస్తే బాగోదు, పేరు రాయాలి కదా. ఫోన్లో అతని నంబరు తీశాను. 'వాచ్‌మన్ కొత్త' అని ఉంది. అతను మా దగ్గరికి వచ్చి నాలుగేళ్లయింది.